పుస్తకం సగంలో వదిలేయొచ్చు గానీ వయొలిన్ మానేయకూడదా?

ఆరో_పుట
మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఆరో ఏట నుంచి వయొలిన్ నేర్చుకుంటోంది. ఈమధ్య "ఇక మానేస్తా" అని మొదలుపెట్టింది. రోజూ సాయంత్రం అరగంట సాధన. అందులో సగం సేపు గోడ గడియారం వంకే చూస్తుంది. ఇచ్చిన నాలుగు లైన్లూ ఎవరో తరుముతున్నట్టు వాయించేసి "అయిపోయిందమ్మా" అంటుంది. కమాను జారిజారి వేళ్ల దగ్గరికి వచ్చేసినా పట్టించుకోదు.

మానడానికి వీల్లేదన్నాను. మొదలుపెట్టింది మధ్యలో వదలకూడదని మా ఇంట్లో రూలు. దానికి మావారు నవ్వి, "మరి మీ బుక్ క్లబ్ పుస్తకం సంగతేంటి?" అన్నారు. ఈ నెల నవల సగంలో పక్కన పెట్టేసిన మాట నిజమే. ఆ మాట పిల్ల చెవిన పడింది. ఇక చూస్కోండి, రోజూ అదే గొడవ: "నువ్వు మానేయొచ్చు గానీ నేను మానకూడదా?"

ఈ రెండూ ఒకటేనా? పెద్దవాళ్లకో రూలు, పిల్లలకో రూలు ఉండకూడదా? పిల్లలకి సంగీతం నేర్పించినవాళ్లు చెప్పండి.

చుక్కల_గొడుగు
మ్యూజిక్ నేర్చుకుంటే లెక్కలు బాగా వస్తాయట. మాన్పించకండి.

తీగల_మాస్టారు
రెండూ ఒకటి కాదమ్మా. చదవడం మీకు వచ్చు. వచ్చిన విద్యని ఒక పుస్తకం మీద పెట్టలేదు, అంతే. అమ్మాయికి వయొలిన్ ఇంకా రాలేదు. రాకముందే మానేస్తే తను మానేస్తున్నదేంటో కూడా తనకి తెలియదు.

నేను పిల్లలకి వయొలిన్ చెబుతాను కాబట్టి ఇంకో మాట. పియానోలో మీట ఎవరు నొక్కినా స్వరం సరిగ్గానే పలుకుతుంది. వయొలిన్‌కి వేలు ఎక్కడ పెట్టాలో చూపే మెట్లుండవు. వేలు వెంట్రుకవాసి జరిగినా అపస్వరమే, అదీ సరిగ్గా చెవి కిందే మోగుతుంది. పైగా పిల్లలు ఎదిగేకొద్దీ వయొలిన్ సైజు మార్చాలి. పావు నుంచి అర, అర నుంచి ముప్పావు. మారినప్పుడల్లా వేళ్ల మధ్య దూరాలు మారతాయి, నిన్నటిదాకా వచ్చిన పాఠం రానట్టు అయిపోతుంది. "మానేస్తా" అనే మాట నేను ఎక్కువగా వినేది అప్పుడే. ఈమధ్య సైజు గానీ మార్చారా?

నన్ను పదో ఏట మాన్పించారు. అన్నయ్య పరీక్షలకి నా వయొలిన్ అడ్డమట. మానేస్తావా అని నన్నెవరూ అడగలేదు. పెద్దయ్యాక మళ్లీ పట్టుకుంటే వేళ్లు మాట వినలేదు. ఆ నష్టం ఎవరూ పూడ్చలేరు.

ఆరో_పుట
అవునండీ, ఈమధ్యే అర సైజుకి మారాం. గొడవ అప్పటినుంచేనా అంటే గుర్తు లేదు.

కుందేలు_చెవులు
మాస్టారూ, మిమ్మల్ని మాన్పించారు. నన్ను మాననివ్వలేదు. స్కూలు నుంచి రాగానే కీబోర్డు ముందు కూర్చోవాలి, కూర్చున్నాక అమ్మ టైమ్ చూసుకునేది. ఇప్పటికీ ఎవరింట్లోనైనా కీబోర్డు కనిపిస్తే భుజాలు బిగుసుకుపోతాయి. ఆ నష్టం ఎవరు పూడుస్తారు?

చుక్కల_గొడుగు గారూ, ఈ లెక్కల కబుర్ల మూలం ఎక్కడుందో తెలుసా? 1993లో నేచర్ పత్రికలో ఒక చిన్న పరిశోధన వచ్చింది. మొత్తం 36 మంది, అందరూ కాలేజీ విద్యార్థులు. పది నిమిషాలు మొజార్ట్ సొనాటా విన్నాక, కాగితం మడిచి కత్తిరిస్తే విప్పాక ఎలా ఉంటుందో ఊహించే పరీక్ష కాస్త మెరుగ్గా చేశారు. ఆ ప్రభావం 10, 15 నిమిషాలకి మించి నిలవలేదని రాసినవాళ్లే చెప్పారు. అందులో పసిపిల్లలు లేరు, లెక్కలు లేవు, వాయించడం అసలే లేదు. అయినా 1998లో అమెరికాలోని జార్జియా గవర్నర్, పుట్టిన ప్రతి బిడ్డకీ శాస్త్రీయ సంగీతం రికార్డు పంచుతామని బడ్జెట్‌లో 1,05,000 డాలర్లు అడిగాడు. మన తల్లిదండ్రులు కూడా ఆ గాలికే కొట్టుకుపోయారు.

తీగల_మాస్టారు
వినడం గురించి నేనెక్కడన్నాను? నేర్చుకోవడం వేరు. 2004లో షెలెన్‌బర్గ్ అనే ఆయన ఆరేళ్ల పిల్లలు 144 మందిని తీసుకుని కొందరికి కీబోర్డు, కొందరికి పాట, కొందరికి నాటకం నేర్పించాడు, మిగతావాళ్లకి ఏమీ లేదు. సంగీతం నేర్చుకున్నవాళ్ల ఐక్యూ మిగతావాళ్లకన్నా ఎక్కువే పెరిగింది.

కుందేలు_చెవులు
ఎంత ఎక్కువో కూడా చెప్పండి మరి. అందరికీ నాలుగు పాయింట్ల పైన పెరిగింది, సంగీతం వాళ్లకి ఏడు. తేడా మూడు పాయింట్లు కూడా లేదు. నాటకం పిల్లలు నలుగురితో మెలగడంలో మెరుగుపడ్డారు, ఆ ముక్క మింగేశారు. తర్వాత 2020లో సాలా, గోబే అనే ఇద్దరు 54 పరిశోధనలు, దాదాపు ఏడు వేల మంది పిల్లల లెక్క ఒకచోట చేర్చి చూశారు. పోల్చే గుంపుకి కూడా వేరే ఏదైనా నేర్పించిన చోట సంగీతం వల్ల తెలివి పెరగడం దాదాపు సున్నా.

తీగల_మాస్టారు
తెలివి పెరగకపోతే సంగీతం దండగా? లెక్కలు రాకపోతే వయొలిన్ అటకెక్కించాలా?

కుందేలు_చెవులు
ఐక్యూ సంగతి ఎత్తింది మీరు!

పక్క_గది
ఇద్దరూ ఒకటే మాట అంటున్నారని నాకొక్కడికే అనిపిస్తోందా?

బుక్‌మార్క్_రాణి
అందరూ వయొలిన్ పట్టుకుని ఊగుతున్నారు. పోస్టులో రెండో సగం ఎవరూ చదివినట్టు లేదు. ఆరో_పుట గారూ, ఆ నవల సగంలో ఎందుకు ఆపారు? మా బుక్ క్లబ్ నేను నడుపుతాను. పన్నెండు మంది వస్తారు, పూర్తిగా చదివేది నేనూ ఇంకొకావిడా. మిగతావాళ్లు అట్ట వెనకది చదివి వచ్చి "పాత్రలు సహజంగా ఉన్నాయి" అంటారు. ముగింపు గురించి నోరు తెరిస్తే "అయ్యో చెప్పకండి, మేమింకా చదవలేదు" అంటారు. మరి ఎందుకు కలిసినట్టు? అందుకే చదవనివాళ్లు రావద్దని రూలు పెట్టాను. ఇప్పుడు నలుగురే వస్తున్నారు, హాయిగా ఉంది.

ఖాళీ_అర
అంత కఠినంగా ఉంటే ఎలా అండీ? ఫ్రెంచ్ రచయిత డానియెల్ పెనాక్ 1992లోనే పాఠకుడి హక్కులు పది రాశాడు. పేజీలు దాటేసే హక్కు, పుస్తకం పూర్తి చేయకుండా వదిలేసే హక్కు, రెండూ ఉన్నాయి అందులో. ఆరో_పుట గారు నిశ్చింతగా వదిలేయొచ్చు.

కుందేలు_చెవులు
ఖాళీ_అర గారూ, భలే గుర్తు చేశారు. పెనాక్ బడిపంతులు. ఆ హక్కులు రాసింది మన బుక్ క్లబ్బుల కోసం కాదు, చదువు చదువు అని పెద్దవాళ్లు వెంటపడి పుస్తకమంటేనే భయం పట్టించిన పిల్లల కోసం. మొదటి హక్కు ఏంటో చూడండి: అసలు చదవకుండా ఉండే హక్కు. పిల్లల కోసం రాసిన హక్కులు పెద్దవాళ్లం మనం వాడుకుంటున్నాం, పిల్లకి మాత్రం ఇవ్వం!

తీగల_మాస్టారు
పుస్తకం వదిలేస్తే రేపు మళ్లీ అదే పేజీలో మొదలుపెట్టొచ్చు. వయొలిన్ అలా కాదు. ఆర్నెల్లు ముట్టుకోకపోతే చెయ్యి పోతుంది. బద్ధకానికి హక్కులని పేరు పెట్టకండి.

కుందేలు_చెవులు
పిల్ల ఏడుపు మీకు బద్ధకంలా వినిపిస్తోందా? మీ శిష్యుల్లో ఎంతమంది మీకు భయపడి వాయిస్తున్నారో ఎప్పుడైనా అడిగారా?

తీగల_మాస్టారు
నా శిష్యుల జోలికి రాకండి.

చుక్కల_గొడుగు
నేను ఒక్క లైను రాసినందుకు ఇంత రచ్చా 🙏

బుక్‌మార్క్_రాణి
నా ప్రశ్నకి జవాబు రాలేదు. తల్లి సగం చదివిన పుస్తకం చంకన పెట్టుకుని మీటింగ్‌కి వెళ్తే, పిల్ల సగం నేర్చిన వయొలిన్ మూలన పెడతానంటుంది. ఇంట్లో క్రమశిక్షణ పైనుంచి కదా రావాలి.

ఆరో_పుట
రాణి గారూ, ఇంట్లో అందరూ అనగా మిగిలింది మీరొక్కరు, మీరూ అనేశారు.

ఆ నవల ఎందుకు ఆపానో చెప్తా వినండి. రోజు మొత్తంలో నాకు పుస్తకం పట్టుకునే వీలు దొరికేది పిల్ల వయొలిన్ సాధన చేసే ఆ అరగంటే. దాని పక్కన కుర్చీ వేసుకుని చదువుకుంటాను. నా పుస్తకం మధ్య మడతలో కమానుకి రాసే రోజిన్ పొడి పేరుకుని ఉంటుంది, తీసి చూపించమంటే చూపిస్తా. ఈ గొడవ మొదలయ్యాక ఆ అరగంట కాస్తా "నిటారుగా నిలబడు, కమాను సరిగ్గా పట్టుకో, మళ్లీ వాయించు" దగ్గరే అయిపోతోంది. నా నవల ముందుకి కదలట్లేదు. ఇక పిల్ల మానేసిందంటే ఆ అరగంట కూడా పోతుంది. అవును, ఆ అరగంట నాకు కావాలి. అందుకే మానొద్దన్నాను. తప్పా?

పక్క_గది
ఇదండీ అసలు సంగతి.

తీగల_మాస్టారు
ఒక్క నిమిషం. పిల్ల సాధన చేస్తుంటే మీరు పక్కన కూర్చుని నవల చదువుతున్నారా? ఇంతసేపూ నేను మీ పక్షాన మాట్లాడాను! చిన్నపిల్లలకి వయొలిన్ నేర్పే సుజుకీ పద్ధతిలో తల్లో తండ్రో పిల్లతోపాటు పాఠానికి వచ్చి వింటారు, ఇంట్లో సాధన వాళ్లే చేయిస్తారు, కొన్నిచోట్ల ముందు పెద్దవాళ్లకే నేర్పిస్తారు. తొమ్మిదేళ్ల పిల్లకి వినేవాళ్లు ఉండాలి. మీరు పేజీ తిప్పుతుంటే తను గడియారం చూడక ఏం చేస్తుంది?

కుందేలు_చెవులు
ఈసారి మాస్టారితో సగం ఒప్పుకుంటా, కానీ వేరే కారణంతో. అరగంట కావాలంటే అరగంట కావాలని అడగండి. దానికోసం పిల్ల చేతిలో వయొలిన్ ఎందుకు?

ఆరో_పుట
అడగలేదనుకుంటున్నారా? ఊరికే కూర్చుని చదువుతుంటే ఇంట్లో అందరి కళ్లకీ నేను ఖాళీగా ఉన్నట్టే. "ఖాళీగానే ఉన్నావుగా, ఆ బట్టలు మడతపెట్టు. ఆ ఫోన్ ఎత్తు. ఆ ఛార్జర్ ఎక్కడుందో చూడు." అదే పిల్ల పక్కన కూర్చుంటే "సాధన చేయిస్తోంది" అని ఒక్కరూ పిలవరు. నాకు మా ఇంట్లో దొరికిన ఒకే ఒక్క తలుపు అది. మాస్టారూ, మీరు చెప్పే తల్లో తండ్రో అన్నదాంట్లో "తండ్రో" అన్న ముక్క మా ఇంట్లో ఎప్పుడూ వినపడలేదు.

పక్క_గది
అడుగుదామనుకున్నది అదే. ఆ అరగంట మీవారు ఎక్కడుంటారు?

ఆరో_పుట
ఆ కీచుశబ్దం భరించలేనని లోపలి గదిలో తలుపేసుకుంటారు.

పక్క_గది
"బుక్ క్లబ్ పుస్తకం సంగతేంటి" అని నవ్వింది ఆయనే కదా?

ఆరో_పుట
ఆయనే.

ఖాళీ_అర
😐

బుక్‌మార్క్_రాణి
ఆరో_పుట గారూ, ఇది ముందే చెప్పి ఉంటే నేను అలా అనేదాన్ని కాదు. అయినా చదవనివాళ్లు మీటింగ్‌కి రాకూడదన్న మాట మాత్రం మాటే.

తీగల_మాస్టారు
రేపటి నుంచి రోజు విడిచి రోజు ఆయన్ని కూర్చోమనండి. సంగీతం రాదంటారు, నా దగ్గరికొచ్చే తండ్రులందరూ అదే అంటారు. చెవి అక్కర్లేదు. కమాను, తీగల్ని ఎత్తిపట్టే బ్రిడ్జికి సమాంతరంగా వెళ్తోందా, వేళ్ల వైపు జారుతోందా అని కంటితో చూస్తే చాలు. శ్రుతి చేయడం మీరు చేసిపెట్టండి, మిగతాది ఆయన చూసుకుంటారు. మీరు వేరే గదిలోకి వెళ్లి తలుపేసుకోండి. ఇంకోటి, కొత్త వయొలిన్‌తో పాత పాఠాలే కొన్నాళ్లు వాయించనివ్వండి. కొత్తవి ఇప్పుడే వద్దని మీ టీచర్‌కి చెప్పండి.

కుందేలు_చెవులు
కాపలా ఎవరు కాయాలో తేల్చారు, సంతోషం. మానేస్తానన్న పిల్ల మాట మాత్రం మళ్లీ పక్కకి పోయింది. వయొలిన్ మానేయాలనుకుంటోందా, ఆ అరగంట మానేయాలనుకుంటోందా? అది ఎవరైనా అడిగారా?

ఆరో_పుట
ఇందాకే అడిగాను. "వయొలిన్ ఉండనీ, టైమ్ పెట్టొద్దు" అంది. రోజుకి రెండుసార్లు తనకి ఇష్టమొచ్చినప్పుడు కాసేపు వాయిస్తుందట. టీచర్‌ని అడిగి చూస్తా. మావారితో మాట్లాడితే "సరే, చూద్దాం" అన్నారు. ఆ "చూద్దాం" నాకు బాగా తెలుసు, కాబట్టి రేపు సాయంత్రం పుస్తకం తీసుకుని నేనే ముందు లోపలి గదిలోకి వెళ్లిపోతా.

తీగల_మాస్టారు
టైమ్ లేకుండా సాధన జరగదు. నా అనుభవం మీద చెబుతున్నా.

కుందేలు_చెవులు
నా అనుభవం మీద చెబుతున్నా, టైమ్ పెడితే సంగీతం మిగలదు.

బుక్‌మార్క్_రాణి
మీ క్లబ్ మీటింగ్ ఎప్పుడు? ఈలోపు పూర్తి చేస్తారా?

ఆరో_పుట
ఆదివారం. పూర్తి కాదు. అయినా వెళ్తున్నాను, ముగింపు వాళ్లని నా ముందే మాట్లాడుకోమంటాను.

బుక్‌మార్క్_రాణి
మా క్లబ్‌లో అయితే రానివ్వం.