అప్‌డేట్: ఆయాలు మారాక పాప మాట్లాడటం తగ్గించింది

ఆరు నెలల్లో నలుగురు ఆయాలు మారాక మా ఏడాదిన్నర పాప మాటలు తగ్గించి, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తోందని రెండు నెలల క్రితం అడిగాను.

వినికిడి పరీక్షలో లోపమేమీ లేదు. పసివాళ్లకు తల్లితోనో, తల్లిలా నిలకడగా ఉండే మరొకరితోనో ఎడతెగని అనుబంధం కావాలని బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1951లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదికలో రాశారట. చదివి చాలా బాధపడ్డాను. పాత ఆయాలు వెళ్లిపోతున్నారని పాపకు మేం ఒక్కసారీ చెప్పలేదు, టాటా కూడా చెప్పించలేదు.

ఈసారి జీతం పెంచి, ఏడాదైనా ఉంటానన్న పెద్దావిడను పెట్టుకున్నాం. రెండు వారాలు సెలవు పెట్టి పక్కనే ఉన్నాను. అన్నం, స్నానం, నిద్ర ఒకే వేళకి, అదే జోలపాటతో.

రాత్రి ఏడుపు ఇంకా పూర్తిగా పోలేదు. కానీ నిన్న పొద్దున తలుపు చప్పుడు వినగానే "అవ్వా" అంటూ పరుగెత్తింది.