అప్‌డేట్: తమిళనాడులో పడిన ఓవర్‌స్పీడ్ చలానా కట్టేశాను

పోయిన వారం అడిగాను కదా, తిరుపతి నుంచి చెన్నై పోతుంటే తిరుత్తణి దాటాక ఓవర్‌స్పీడ్ చలానా పడింది, ఆంధ్రా బండికి ఇక్కడి నుంచే కట్టొచ్చా అని. కట్టొచ్చు, అక్కడికి పోనక్కర్లేదు.

మెసేజ్‌లోని లింకు నొక్కకుండా (వాట్సాప్‌లో ఏపీకే ఫైలు, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు, వస్తే అసలు తెరవొద్దు, దొంగ చలానాల పేరుతో ఖాతాలు ఖాళీ చేస్తున్నారు) ప్రభుత్వ పరివాహన్ ఈ-చలాన్ సైటులో చలానా నంబరు కొట్టి చూశాను. ఫొటోలో నా కారే, వెనక అద్దం మీద మా పాప అంటించిన సీతాకోకచిలుక కూడా కనిపిస్తోంది. ఇంకేం వాదిస్తాను, తప్పు నాదే. మోటారు వాహనాల చట్టం 183 సెక్షన్ కింద 1000 రూపాయలు ఆన్‌లైన్‌లో కట్టి రసీదు దాచుకున్నాను. ఆర్సీలో పాత ఫోన్ నంబరు ఉన్నవాళ్లు ముందు అది మార్చుకోండి, లేకపోతే చలానా పడిన సంగతే తెలీదు.

సలహా చెప్పిన అన్నలకు చాలా థ్యాంక్స్, టెన్షన్ తీరింది.