పెద్ద వయసులో భార్యాభర్తలు కలిసి విదేశీ పరిచర్యకు వెళ్తే రోజులు ఎలా గడుస్తాయి?

కర్నూలు నర్సమ్మ:
అందరికీ వందనాలు. మాది కర్నూలు, సి.క్యాంపు దగ్గర. నేను స్టాఫ్ నర్సుగా, మా వారు లెక్కల టీచరుగా రిటైరయ్యాం. ఆఫ్రికాలోని మలావీలో ఒక మిషన్ స్కూలు, దాన్ని ఆనుకుని చిన్న క్లినిక్ ఉన్నాయట. ఏడాదిన్నర వచ్చి పనిచేయమని మా సంఘం ద్వారా పిలుపు వచ్చింది. ఇల్లు వాళ్లిస్తారు, మిగతా ఖర్చు మాదే. ప్రార్థన చేసుకున్నాం, ఇద్దరికీ వెళ్లాలనే ఉంది.

మీటింగుల్లో మిషనరీల సాక్ష్యాలు ఎన్నో విన్నాం. అన్నీ పెద్ద పెద్ద సంగతులే. ఏ విశేషమూ లేని రోజు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పరు. పొద్దున లేచి ఏం వండుకుంటారు, సాయంత్రం ఎవరితో మాట్లాడతారు, బీపీ మాత్రలు ఎక్కడ దొరుకుతాయి? ఇలా వెళ్లొచ్చినవాళ్లు, అమ్మానాన్నల్ని పంపినవాళ్లు ఉంటే దయచేసి రాయండి.

ఆదోని మాస్టారు:
వందనాలమ్మా. మేమిద్దరం ఆ దేశంలోనే, రాజధాని లిలోంగ్వేకి దూరంగా ఒక పల్లెలో ఉండి వచ్చాం. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

రోజంతా కరెంటు చుట్టూ తిరుగుతుంది. ఉన్నప్పుడే ట్యాంకు నింపాలి, బట్టలు ఇస్త్రీ చేసుకోవాలి, ఫోన్లు చార్జింగు పెట్టుకోవాలి. పోయిందంటే ఎప్పుడొస్తుందో తెలీదు. గ్యాస్ దొరకని రోజుల్లో అక్కడివాళ్లలాగే బొగ్గుల కుంపటి మీద వండుకున్నాం.

తిండి గురించి మీరు బెంగపడొద్దు. వాళ్ల ముఖ్యమైన తిండి న్సిమా. మొక్కజొన్న పిండిని మన సంగటిలాగే కెలికి, ముద్దలు చేసి పెడతారు. చేత్తో తుంచి కూరలో అద్దుకుని తినడమే. సీమవాళ్లకి ఇది పరాయి తిండి అనిపించదు. గుమ్మడి ఆకు వండి అందులో బుడ్డల (వేరుశనగల) పొడి వేస్తారు, చాలా బాగుంటుంది. బుడ్డలు అక్కడ విరివిగా పండుతాయి. కందులూ అంతే. మన దేశం మలావీ నుంచి ఏటా 50,000 టన్నుల కందులు తెచ్చుకోవడానికి 2021లో ఒప్పందం కూడా చేసుకుంది. అందుకని కందిపప్పు మూటలు మోసుకెళ్లకండి. ఊళ్లల్లో మాత్రం కందుల్ని పొట్టుతోనే ఉడకబెట్టుకుంటారు. బద్దలు చేసిన పప్పు కావాలంటే టౌనులో గుజరాతీవాళ్ల కొట్లలో చూడాలి. ఇంగువ, మెంతులు, మన ఎండుమిరపకాయలు పెట్టుకోండి చాలు.

పొద్దున స్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. పిల్లలు ఎక్కువ, పుస్తకాలు తక్కువ. పాఠం మొత్తం బోర్డు మీద రాస్తే వాళ్లు నోటుబుక్కుల్లో దించుకునేవారు. మధ్యాహ్నాలు ఇళ్లకు వెళ్లేవాళ్లం. అక్కడ ఎవరైనా ఎదురైతే ముందు నిలబడి వాళ్ల క్షేమం, ఇంటివాళ్ల క్షేమం అడగాలి, తర్వాతే పని మాట. గబగబా పని చెప్పేస్తే చిన్నబుచ్చుకుంటారు.

అన్నిటికంటే ముఖ్యమైంది ఇంకొకటి ఉంది. ఊళ్లో ఎవరు పోయినా వెళ్లాలి. చావు ఇంట్లో ఆడవాళ్లు లోపల నేల మీద కూర్చుంటారు, మగవాళ్లు బయట చెట్టు కింద. మేం వెళ్లిన కొత్తలో పక్క వీధిలో ఒక ముసలాయన పోయాడు. మా ఆవిడకు వాళ్ల చిచేవా భాషలో పలకరింపు తప్ప ఇంకేమీ రాదు. అయినా వెళ్లి ఆ ఆడవాళ్ల మధ్య చాప మీద, గోడకు ఆనుకుని సాయంత్రం దాకా కూర్చుంది. పక్కనున్నామె నడుముకు చుట్టుకునే తన చిటెంజి గుడ్డ తీసి మా ఆవిడ కాళ్ల మీద కప్పింది. నాలుగు రోజుల తర్వాత ఆ ఇంటి పెద్దామె కాగితంలో చుట్టిన కోడిగుడ్లు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. అప్పటినుంచి మేం ఆ ఊరివాళ్లమైపోయాం. నేను చెప్పిన వాక్యం వాళ్లలో ఎంతమందికి గుర్తుందో గానీ, మా ఆవిడ ఆ రోజు కూర్చున్న సంగతి అందరికీ గుర్తుంది.

కడప కూతురు:
మాది కడప, కోటిరెడ్డి సర్కిల్ దగ్గర. మా అమ్మానాన్న ఇప్పుడు కెన్యాలో ఉన్నారు. ఇంటి దగ్గర ఉండిపోయినవాళ్ల వైపు నుంచి నేను రాస్తాను.

నైరోబీ సముద్ర మట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తులో ఉంటుంది. జూన్, జూలైల్లో చలి. కడప ఎండల్లో పుట్టి పెరిగిన మా నాన్న మధ్యాహ్నం కూడా స్వెటర్ వేసుకుని వీడియో కాల్‌లో కనిపిస్తే మాకు నమ్మకం కలగలేదు. డబ్బు విషయం సులువే. అక్కడ ఫోన్‌తో డబ్బు పంపే ఎం-పెసా 2007 నుంచే ఉంది, కూరగాయలమ్మే ఆమెకు కూడా ఫోన్‌లోనే పంపేయొచ్చు.

కెన్యాకి ఎల్లో ఫీవర్ టీకా సంగతి చూసుకోవాలి. ఆ దేశం నుంచి తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో ఆ సర్టిఫికెట్ అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ అది చెల్లదు కాబట్టి ప్రయాణం ముందు రోజు పరుగెత్తితే లాభం లేదు. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. అరవై దాటినవాళ్లు ముందుగా డాక్టరుతో మాట్లాడే వేయించుకోవాలి, ఆ వయసులో దాని దుష్ప్రభావాల ముప్పు కాస్త ఎక్కువ.

మాత్రల చీటీ మీద కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాయించుకోండి. మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్ అంటే ఏ దేశంలో అయినా షాపువాడికి తెలుస్తుంది. మనం అలవాటుగా అడిగే బ్రాండు అక్కడ ఉండకపోవచ్చు.

మా నాయనమ్మ పోయినప్పుడు నాన్న రాలేకపోయాడు. టికెట్ దొరికి వచ్చేసరికి మట్టి అయిపోతుందని బాబాయిలే వద్దన్నారు. ఫోన్‌లో చూశాడు. అది ఆయన్ని చాలా రోజులు బాధపెట్టింది, మమ్మల్నీ. అక్కా, వెళ్లే ముందే తోబుట్టువులతో కూర్చుని, పెద్దవాళ్లకి ఏదైనా అయితే ఎవరు ఏం చేయాలో మాట్లాడి పెట్టుకోండి. ఫోన్‌లో ఆ మాట తేల్చుకోవడం చాలా కష్టం.

అనంత పాఠకుడు:
అనంతపురంవాళ్లకి ఇలాంటి దంపతులు కొత్త కాదు. 1969లో స్పెయిన్ మిషనరీ విన్సెంట్ ఫెర్రర్ గారు మా జిల్లాకు వచ్చారు. ఆ మరుసటి ఏడాది, పెళ్లి చేసుకోని కాథలిక్ గురువుల జెస్యూట్ సభను వదిలి, ఇంగ్లండులో పుట్టిన యాన్ గారిని పెళ్లి చేసుకున్నారు. 2009లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నారు. సభను వదిలినా జనం ఫాదర్ అనే పిలిచారు. అంత దూరం నుంచి వచ్చి ఈ కరువు నేలను తమ ఊరు చేసుకున్నారు. ఇప్పుడు మనవాళ్లు వేరే దేశానికి అలా వెళ్తున్నారని చదివితే నా మనసు నిండింది.

ఇంకో సంగతి. నేను హైదరాబాద్‌లో పనిచేసేటప్పుడు లేటర్ డే సెయింట్స్ చర్చికి చెందిన అమెరికా దంపతులు మా అపార్టుమెంటులోనే ఉండేవారు, ఇద్దరికీ అరవై దాటాయి. వాళ్ల చర్చిలో రిటైరైన దంపతులు ఆరు నెలల నుంచి ఇరవై మూడు నెలల దాకా సొంత ఖర్చుతో వెళ్తారట. కుర్ర మిషనరీల్లాగా రోజంతా తిరిగే షెడ్యూలు వీళ్లకు ఉండదు. ఆఫీసు లెక్కలు, సహాయ కార్యక్రమాలు, సంఘంలో కొత్త నాయకులకు తోడుగా ఉండటం, ఇవే ఎక్కువ. ఆమె రోజూ సాయంత్రం మా అమ్మ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు వలిచేది. ఆయన కూరగాయల సంచి పట్టుకుని రైతు బజారుకు పోయేవాడు. పనిమనిషిని పెట్టుకోమన్నా పెట్టుకోలేదు.

ఆదోని మాస్టారు:
ఇది మా ఆవిడ రాస్తోంది, ఖాతా ఆయనదే.

సిస్టర్, ఇద్దరే ఉండటం గురించి మగవాళ్లు రాయరు, నేను రాస్తాను. ఉద్యోగాలు చేసిన రోజుల్లో మేం కలిసి ఉండేది రాత్రి భోజనం దగ్గర మాత్రమే. అక్కడ ఇరవై నాలుగు గంటలూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి. చుట్టాలు లేరు, చెప్పుకోవడానికి అక్కచెల్లెళ్లు లేరు. మొదటి రెండు నెలలు ఉప్పు తక్కువైందని, తలుపు గడియ వేయలేదని ఊరికే గొడవపడ్డాం. ఒకరికి కోపం వస్తే బయటికి పోయి కూర్చోవడానికి ఇంకో ఇల్లు ఉండదు కదా.

తర్వాత పనులు పంచుకున్నాం. పొద్దున కుంపటి ఆయన ముట్టిస్తారు, టీ ఆయనే పెడతారు. బజారు నాది. రోజూ ఒక గంట ఎవరి పని వాళ్లది, అప్పుడు మాట్లాడకూడదు. ఆదివారం రాత్రి మాత్రం కూర్చుని ఆ వారం మనసులో ఏముందో చెప్పుకోవాలి. అది తప్పనివ్వలేదు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన తన చిన్నతనం గురించి చెప్పని మాటలు అక్కడ చెప్పారు. మీరు చీరలే కట్టుకోండి, అక్కడి ఆడవాళ్లకు చాలా ముచ్చట. నేత చీరలు తీసుకెళ్లండి, సిల్కువి వద్దు.

ట్రెజరీ బాబాయ్:
అమ్మా, పెన్షన్ సంగతి మర్చిపోవద్దు. ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పెన్షన్ ఆగుతుంది. 2014 నుంచి జీవన్ ప్రమాణ్ ఆన్‌లైన్ పద్ధతి ఉంది. విదేశంలో ఉంటే అక్కడి భారత హైకమిషన్ అధికారితో సంతకం చేయించి పంపే పద్ధతీ ఉంది, లిలోంగ్వేలో మన హైకమిషన్ ఉంది. ఏ పద్ధతి మీకు వర్తిస్తుందో మీ సబ్ ట్రెజరీలో ముందే కనుక్కోండి. ఇండియా సిమ్ పారేయకండి. బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి. రోమింగ్‌లో మెసేజ్‌లు వచ్చేలా చూసుకుని రీచార్జి మీ పిల్లలకు అప్పజెప్పండి.

కర్నూలు నర్సమ్మ:
అందరికీ ఎంతో కృతజ్ఞతలు. సిస్టర్ రాసింది మా వారికి చదివి వినిపించాను. టీ పెట్టడం ఇక్కడే నేర్చుకుంటానన్నారు. ఒక్కటే మిగిలింది. మా చిన్నమ్మాయి కాన్పు ఫిబ్రవరిలో. వాళ్లు జనవరికల్లా రమ్మంటున్నారు. మొదటి కాన్పు, తల్లిగా నేను దగ్గర లేకపోతే ఎలా? అలాగని పిలుపుకు అడ్డు చెప్పొచ్చా?

కడప కూతురు:
అక్కా, ఒక కూతురిగా చెప్తున్నాను. కాన్పయ్యాకే వెళ్లండి. బిడ్డకు మూడో నెల వచ్చాక ఆ అమ్మాయే మిమ్మల్ని సంతోషంగా పంపిస్తుంది. మనసు ఇక్కడ పెట్టుకుని అక్కడ పేషెంట్లను ఎలా చూసుకుంటారు?

ఆదోని మాస్టారు:
నేనూ అదే అంటానమ్మా, అక్కడి ఋతువుల లెక్కలో కూడా. జనవరి, ఫిబ్రవరి అక్కడ వానలు. దారులు బురద, దోమలు, మలేరియా. పాత పంట అయిపోయి కొత్త పంట చేతికి రాని నెలలు అవే, ఊళ్లో చాలా ఇళ్లలో ఒక పూటే పొయ్యి వెలుగుతుంది. ఏప్రిల్, మే వచ్చేసరికి మొక్కజొన్న ఇంటికొస్తుంది, బజారు నిండుతుంది, కొత్తవాళ్లు అలవాటు పడటానికి మంచి కాలం. సంగతి ఉన్నదున్నట్టు రాసి తేదీ మార్చమని అడగండి. మమ్మల్ని పంపినవాళ్లు మా తేదీ రెండు నెలలు జరిపారు, ఎవరూ తప్పుపట్టలేదు. దోమతెర మాత్రం ఇక్కడే కొనుక్కోండి, డబుల్ కాట్ సైజుది. మలేరియా రాకుండా ముందే వేసుకునే మాత్రలు మీ ఇద్దరి బీపీ మందులతో పడతాయో లేదో డాక్టరుని అడగండి.