అప్‌డేట్: గదిలో ఒంటరిగా ఉన్న మా ఏడేళ్ల పాప

చికెన్‌పాక్స్ వచ్చి పాపని విడిగా గదిలో ఉంచాం, రాత్రిళ్లు ఏడుస్తోంది, ఏం చేయాలి అని పోయిన వారం అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

రోజుకి ఒక వేళాపాళా పెట్టమన్నది బాగా పనిచేసింది. లేవడం, చదువు, ఆటలు, తాతయ్యకి వీడియో కాల్, అన్నీ దాదాపు ఒకే టైముకి. ఆ వరస తనే కాగితం మీద బొమ్మలుగా గీసి గోడకి అంటించుకుంది.

అసలు విషయం మాత్రం మర్నాడు రాత్రి బయటపడింది. "తమ్ముణ్ణి కొట్టాను కదా, అందుకే నాకు ఇలా వచ్చిందా అమ్మా?" అంది. నాకు నోట మాట రాలేదు. అప్పటిదాకా నేను ఊరికే "ఏం కాదు, ఏడవకు" అంటూ వచ్చాను. ఇది వైరస్ వల్ల వస్తుంది, నీ తప్పేం లేదు, పొక్కులన్నీ ఎండి పక్కు కట్టాక ఎవరికీ అంటదు, అప్పుడు బయటికి రావచ్చు అని చెప్పాను. ఇక రోజూ పొద్దున్నే ఎండిన పొక్కులు లెక్కపెట్టడమే ఆట!

ఫ్రెండ్స్ అందరితో ఒకేసారి వీడియో కాల్ ఫెయిల్. ఆ అరుపుల్లో తనకి మాట్లాడే సందే దొరకలేదు. ఒక్క ఫ్రెండ్‌తో పది నిమిషాలు నయం.

నిన్న గదిలోంచి బయటికి వచ్చింది. రాత్రి లైటు మాత్రం ఇంకా ఆర్పనివ్వడం లేదు. కొన్నాళ్లు చూసి, తగ్గకపోతే డాక్టర్ని అడుగుతాను. తమ్ముడితో గొడవలు అప్పుడే మొదలయ్యాయి.