నాన్న తన కర్మకి తానే డబ్బు తీసి పెట్టుకున్నారు, అన్నయ్య ఒప్పుకోవడం లేదు. ఎవరిది సబబు?

గోస్తనీ ఒడ్డు (ప్రశ్న అడిగినవారు):
మాది తణుకు దగ్గర పల్లె. నాన్న రిటైర్డ్ హెడ్మాస్టరు, 76 ఏళ్ళు. అమ్మ పోయి మూడేళ్ళయింది. కార్తీక మాసంలో నేను వెళ్ళినప్పుడు నన్ను కూర్చోబెట్టి ఒక లాంగ్ నోట్‌బుక్ చేతిలో పెట్టారు. అందులో ఇలా రాసి ఉంది. "నా అంత్యక్రియలకి, దినాలకి లక్షన్నర బ్యాంకులో వేశాను. అంతకు మించి ఖర్చు పెట్టొద్దు. అప్పు అసలే చెయ్యొద్దు. వెంటిలేటర్ మీద పెట్టొద్దు. కళ్ళు ఇచ్చెయ్యండి. పెద్దకర్మకి దగ్గరి బంధువులకే భోజనం. అబ్బాయి అమెరికా నుంచి వచ్చేదాకా నన్ను ఐస్ పెట్టెలో ఉంచొద్దు. దగ్గరున్నవాళ్ళు తలకొరివి పెట్టండి. అమ్మాయి పెట్టినా నాకు సమ్మతమే."

ఆ పేజీ ఫొటో తీసి అన్నయ్యకి పంపాను. నాన్నని అడిగి పంపాల్సింది, అడగలేదు. అన్నయ్య రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఫోన్ చేసి, "నేను బతికుండగా మా నాన్న కర్మకి నాన్నే డబ్బు దాచుకోవాలా? ఊళ్ళో తల ఎత్తుకోగలనా? కడసారి చూపు కూడా వద్దంటే ఇంక నేను కొడుకుని ఎందుకు?" అని ఏడ్చాడు.

అమ్మ పోయినప్పుడు వాడు రావడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ నాన్న ఫ్రీజర్ బాక్స్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కరెంటు పోయినప్పుడల్లా లేచి పెట్టె మీద చెయ్యి వేసి చూసేవారు. దినాలు అయ్యేసరికి రెండు లక్షల అరవై వేలు తేలింది, అందులో సగం పైన భోజనాలకే. ఖర్చంతా అన్నయ్యే పెట్టుకున్నాడు, ఒక్క మాట అనలేదు. అందుకే వాడిని తప్పు పట్టలేకపోతున్నాను. నాన్న మాటా కాదనలేకపోతున్నాను. మీ ఇళ్ళల్లో ఇలాంటిది జరిగితే ఏం చేశారో చెప్పండి.

పాత పెన్షనర్, కాకినాడ:
అమ్మా, మీ నాన్నగారు చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పని. నేనూ చేశాను. నా భార్య తిట్టింది, అపశకునం అంది. మా బావగారు పోయిన రోజు మా చెల్లెలు బీరువా తాళాలు ఎక్కడున్నాయో తెలియక ఏడుస్తూ వెతుక్కోవడం కళ్ళారా చూసినవాణ్ణి, అందుకే వినలేదు.

కానీ ముందు ఆ లక్షన్నర ఎలా వేశారో కనుక్కోండి. ఆయన ఒక్కరి పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ అయితే ఆయన పోయిన రోజున అందులో ఒక్క రూపాయి మీ చేతికి రాదు. నామినీగా మీ పేరున్నా సరే, డెత్ సర్టిఫికెట్ పట్టుకెళ్ళి క్లెయిమ్ ఫారం ఇచ్చాకే ఇస్తారు. అప్పటికి దినాలు అయిపోతాయి. మీ పేరు కలిపి 'ఐదర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలో, అంటే ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవారు డబ్బు తీసుకునేలా, సేవింగ్స్ ఖాతా తెరిస్తే మీరు వెంటనే తీసుకోవచ్చు. జాయింట్ డిపాజిట్ అయినా గడువుకి ముందే బతికున్నవారు తీసుకునేలా మొదట్లోనే సంతకం పెట్టి ఇవ్వాలి, లేకపోతే అక్కడా ఆగిపోతుంది. ఆయన ఒక్కరి ఖాతా ఏటీఎం కార్డుతో ఆయన పోయాక డబ్బు తీయడం మాత్రం వద్దు. చాలామంది చేస్తారు కానీ అది చట్టప్రకారం తప్పు, పైగా వారసుల మధ్య గొడవ మొదలయ్యేది అక్కడే.

మీ అన్నయ్యగారికి ఇంకొక మాట చెప్పండి. 1925 నాటి భారత వారసత్వ చట్టం 320వ సెక్షన్ ప్రకారం, చనిపోయిన మనిషి ఆస్తిలోంచి అతని హోదాకి తగ్గ అంత్యక్రియల ఖర్చుని మిగతా అప్పులన్నిటికంటే ముందు చెల్లించాలి. మనిషి తన చివరి ఖర్చు తాను పెట్టుకోవడం చట్టానికి వింత కాదు. కొడుకుకి అవమానమూ కాదు.

ఫ్రిస్కో నుంచి:
పెద్దాయన చెప్పిన లెక్కలన్నీ ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ గొడవ లెక్కల గురించి కాదు.

నేనూ అమెరికాలోనే ఉంటాను. 2021 మే నెలలో మా నాన్న పోయారు. నాకు వీసా స్టాంపింగ్ లేదు, వెళ్తే తిరిగి వస్తానో లేదో తెలియదు. వాట్సాప్ వీడియోలో చూశాను. మా తమ్ముడు ఫోన్ పట్టుకున్నాడు, చెయ్యి వణుకుతూ ఉంది. నాన్న ముఖం సరిగ్గా కనపడలేదు. ఇప్పటికీ కలలో ఆయన ఎక్కడో ఉన్నట్టే వస్తారు, పోయినట్టు రారు. ముఖం చూడకపోతే మనసు నమ్మదండీ.

మీ నాన్నగారికి ఆయన శరీరం మీద హక్కు ఉంది, నిజమే. కానీ పోయాక మిగిలేది మీరూ మీ అన్నయ్యానూ. 'నాకోసం ఆగొద్దు' అన్న మాట కొడుక్కి ఎలా వినపడుతుందో ఆయన ఆలోచించి ఉండరు. ఖర్చు వద్దు, వెంటిలేటర్ వద్దు, ఇవి ఆయన ఇష్టం. కడసారి చూపు ఒక్కటి మాత్రం ఆయన ఒక్కరిదే కాదు.

కరీంనగర్ దిక్కు:
నాకు ఇద్దరి మాటా సగమే నచ్చింది. మీరందరూ బ్యాంకులో డబ్బున్నవాళ్ళ సంగతి మాట్లాడుతున్నారు.

మా ఊళ్ళో మనిషి పోతే మూడో రోజు పిట్టకు పెట్టుడు, తర్వాత దశదినకర్మ. దానికి ఊరంతా తినాలి, మాంసం ఉండాలి, కల్లు ఉండాలి. లేకపోతే 'తండ్రికి తిండి పెట్టలేని కొడుకు' అంటారు. మా బాబాయి 2019లో పోయాడు, వయసు 52. తెలంగాణ సర్కారు రైతుబీమా కింద ఐదు లక్షలు వచ్చినయి. ఆ పైసల్లో లక్షా ఎనభై వేలు దినాలకి తెచ్చిన అప్పుకే పోయినయి. పిన్ని ఆ డబ్బుతో బిడ్డను నర్సింగ్ చదివిద్దామనుకుంది. చదివించలేకపోయింది.

ఇంకో సంగతి చూడండి. రైతుబీమా 18 నుంచి 59 ఏళ్ళ వాళ్ళకే. బ్యాంకులో ఏడాదికి 436 రూపాయలు కట్టే జీవన్ జ్యోతి బీమాలో చేరాలంటే 50 దాటకూడదు, ఆ రక్షణ కూడా 55తో ఆగిపోతుంది. అంటే నిజంగా పోయే వయసు వచ్చేసరికి పేదవాడికి ఈ రెండు బీమాలూ మిగలవు. అందుకే ఒక్కొక్కరూ దాచుకోవడం కన్నా ఊరు ఒక్క మాట మీదికి రావడం ముఖ్యం అంటాను. మా పక్క వాడలో కులసంఘం కూర్చుని తీర్మానం చేసుకుంది. కర్మకి పప్పన్నమే, మందు లేదు, ఇంటికి రెండు వందలు వేసుకుని ఆ రోజే చేతికిస్తారు. ఎవ్వరికీ తల వంపులు లేవు, ఎందుకంటే అందరికీ అదే రూలు.

మీ నాన్న ఒక్కడే 'ఊరందరికీ వద్దు' అంటే అది మీ ఇంటి పిసినారితనం అంటారు. అదే ఊరి పెద్దలతో ఆయనే బతికుండగా కూర్చుని చెబితే నలుగురూ ఆయన దారి పట్టవచ్చు. హెడ్మాస్టరు కదా, ఆయన మాట వింటారు.

ఐసీయూ సిస్టర్:
నేను పదమూడేళ్ళుగా ఐసీయూలో నర్సుని. అందరూ భోజనాల గురించే మాట్లాడుతున్నారు. అసలు పెద్ద ఖర్చు దానికంటే ముందు మా దగ్గర జరుగుతుంది. కోలుకునే ఆశ లేదని డాక్టర్‌కి తెలుసు, ఇంట్లోవాళ్ళకీ లోపల తెలుసు. కానీ 'తీసెయ్యండి' అనే మాట ఎవరూ నోటితో అనలేరు. కొడుకు కూతురి వైపు చూస్తాడు, కూతురు అల్లుడి వైపు చూస్తుంది. అలా పది రోజులు గడుస్తాయి. పొలం కాగితాలు తాకట్టుకి వెళ్ళేది ఆ పది రోజుల్లోనే.

అందుకే మీ నాన్నగారు నోట్‌బుక్‌లో రాసిన వాటిలో 'వెంటిలేటర్ వద్దు' అన్న మాటే అన్నిటికంటే విలువైనది. కానీ నోట్‌బుక్ చాలదు. కోలుకునే ఆశ లేనప్పుడు ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే కాగితాన్ని లివింగ్ విల్ అంటారు. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న దానికి చట్టబద్ధత ఇచ్చింది. అప్పుడు పెట్టిన షరతులు కష్టంగా ఉన్నాయని, మేజిస్ట్రేట్ సంతకం దాకా వెళ్ళాల్సి వస్తోందని 2023 జనవరిలో సులువు చేసింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి నోటరీ దగ్గర గానీ గెజిటెడ్ అధికారి దగ్గర గానీ ధ్రువీకరించుకుంటే సరిపోతుంది. తాను చెప్పలేని స్థితిలో ఉంటే ఎవరు నిర్ణయం తీసుకోవాలో పేర్లు రాయాలి, ఒకరి కంటే ఎక్కువమంది పేర్లు రాయవచ్చు. మీ పేరుతో పాటు మీ అన్నయ్య పేరు కూడా రాయించండి. ఆ కాగితం ఉన్నా వెంటనే మిషన్ ఆపరు. ఆశ లేదని ఆస్పత్రిలో ఒక వైద్య బోర్డు, తర్వాత రెండో బోర్డు చూసి ఒప్పుకోవాలి. కాబట్టి 'నాన్నని చంపేస్తున్నామా' అన్న భయం పెట్టుకోకండి.

కళ్ళ గురించి కూడా. పోయిన ఆరు గంటల లోపు తీసుకోవాలి. ఫ్యాన్ ఆపెయ్యండి, రెప్పలు మూసి తడి దూది పెట్టండి, ఐ బ్యాంకు నంబరు గోడ మీద రాసి ఉంచండి. ఆ గాభరాలో ఎవరికీ గుర్తుండదు. పూర్తి దేహదానం చేసినవాళ్ళ కుటుంబాలనీ చూశాను. సీపీఎం నాయకుడు సీతారాం ఏచూరి గారు 2024 సెప్టెంబరులో పోయినప్పుడు ఆయన దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కి ఇచ్చారు, ఆ తర్వాత మా ఆస్పత్రిలోనే ఇద్దరు పెద్దవాళ్ళు వివరాలు అడిగారు.

పాత పెన్షనర్, కాకినాడ:
సిస్టర్ గారు చెప్పింది నాకు తెలియదు, నేను రాసిపెట్టుకున్నది తెల్ల కాగితమే. ఈ వారమే నోటరీ చేయిస్తాను. ఇంకొకటి, ఈ కోరికలు వీలునామాలో రాయకండి. వీలునామా తెరిచేది అన్నీ అయిపోయాక.

అపరకర్మలు చేయించే వాణ్ణి, రాజమండ్రి:
ముప్పై ఏళ్ళుగా కోటిలింగాల రేవులో, కైలాసభూమి శ్మశానంలో ఈ పని చేస్తున్నాను, కాబట్టి రెండు మాటలు.

బతికుండగా తన కర్మ గురించి ఆలోచించడం అశుభం అని శాస్త్రంలో లేదు. జీవశ్రాద్ధం అని ఉంది. పిల్లలు లేనివారు, పిల్లలు ఉన్నా నమ్మకం చాలనివారు గయలో తమ పిండం తామే పెట్టుకుని వస్తారు. నా చేతుల మీదుగా నలుగురు అలా వెళ్ళారు. ఊరందరికీ భోజనం పెట్టాలన్నదీ శాస్త్రంలో లేదు. శక్తి కొద్దీ చేయమనే చెప్పింది. దశదానాలకి బదులు నువ్వులు, నీళ్ళు వదిలినా కర్మ పూర్తవుతుంది. ఈ మాట నేను చెబితే నా సంభావన తగ్గుతుందని మా వాళ్ళే అంటారు, తగ్గినా ఫర్వాలేదు.

కొడుకు రాకపోతే ఎలా అని నన్ను వారానికొకరు అడుగుతారు. దగ్గరున్నవాళ్ళు దహనం చేసి అస్థికలు భద్రం చేస్తే, కొడుకు వచ్చి గోదావరిలో కలిపి పదో రోజు నుంచి కర్మ చేసుకుంటున్నాడు. అలా చేసిన వాళ్ళు కూడా రేవులో కూర్చుని తృప్తిగా ఏడ్చారు. కానీ ఫ్రిస్కో అబ్బాయి చెప్పినదానికి నా దగ్గర జవాబు లేదు. ముఖం చూడటం వేరు.

గుంటూరు, సమాధుల తోట వీధి:
మేం క్రైస్తవులం. మా సంఘంలో ప్రతి కుటుంబం నెలకి యాభై రూపాయలు భూస్థాపన నిధికి ఇస్తుంది. పెట్టె, బండి, గుంట తవ్వే కూలి అన్నీ అందులోంచే. ధనవంతుడికీ పాకీ పని చేసినామెకీ ఒకటే పెట్టె. మా అమ్మ తనకి ఏ పాటలు పాడాలో కూడా బైబిలు వెనక పేజీలో రాసుకుంది. అవి పాడుతుంటే అమ్మే మాతో మాట్లాడినట్టుంది. గోస్తనీ గారూ, రాసిపెట్టడం అనేది మిగిలినవాళ్ళకి భారం కాదు. మాకు అదొక తోడు అయింది.

ఫ్రిస్కో నుంచి:
కరీంనగర్ వారూ, మీ పిన్నిగారి సంగతి చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. భోజనాల విషయంలో నేను ఇంక వాదించను. డబ్బు విషయంలోనూ వాదించను. ఒక్క కోరిక. నాన్నగారిని ఆ ఐస్ పెట్టె వాక్యం గురించి ఇంకొకసారి అడగండి. పెట్టె అంటే ఆయనకి ఎందుకు అంత కష్టమో మీ అన్నయ్యకి తెలుసా? నాన్నగారు కుర్చీ వేసుకుని కూర్చున్న సంగతి మీరు మీ అన్నయ్యకి ఎప్పుడైనా చెప్పారా?

గోస్తనీ ఒడ్డు:
చెప్పలేదు. వాడు వచ్చింది మూడో రోజు పొద్దున, అప్పటికి కుర్చీ తీసేశాం.

నిన్న ఊరు వెళ్ళాను. ఫొటో పంపిన సంగతి నాన్నకి చెప్పి క్షమించమన్నాను. ఆయన ఏమీ అనలేదు, "వాడికి ఫోన్ కలుపు" అన్నారు. ముగ్గురం గంటన్నర మాట్లాడాం. కరెంటు పోయినప్పుడు పెట్టె లోపల నీటిచుక్కలు పట్టి అమ్మ ముఖం కనపడేది కాదట. ఆ చుక్కలు తుడవడానికి మూత తీయనివ్వలేదట ఎవరూ. "అది నీకు జరగకూడదురా, నన్ను అలా చూసి నువ్వు గుర్తుపెట్టుకోకూడదు" అన్నారు నాన్న. అన్నయ్య అటువైపు చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత నాన్న నోట్‌బుక్ తెమ్మని ఆ వాక్యం కొట్టేసి కింద ఇలా రాశారు. "అబ్బాయి బయల్దేరితే ఒక రాత్రి ఆగండి. జనరేటర్ పెట్టించండి. రెండో రోజు సాయంత్రం దాటనివ్వొద్దు." జనరేటర్ ఖర్చు తనదే అని అన్నయ్య పట్టుబట్టాడు, దానికి మాత్రం నాన్న ఒప్పుకున్నారు. భోజనాల సంగతి ఇంకా తేలలేదు. అన్నయ్య ఐదు వందల మంది అంటున్నాడు, నాన్న నూట యాభై దగ్గర కదలడం లేదు. సంక్రాంతికి వాడు వస్తాడు, అప్పుడు పంచాయతీ పెద్దల్ని ఇంటికి పిలుస్తానని నాన్న అన్నారు. బ్యాంకులో అడిగితే అది ఆయన ఒక్కరి పేరు మీదున్న డిపాజిటే, సోమవారం మార్పించడానికి వెళ్తున్నాం. నోటరీ కూడా ఆ రోజే.