అప్‌డేట్: ఫ్లాపీలోని పేజ్‌మేకర్ ఫైళ్లు దాదాపు అన్నీ వచ్చాయి

పెట్టగానే "ఫార్మాట్ చేయాలా?" అంటున్న 1.44 ఎంబీ ఫ్లాపీ (అందులో పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఫైళ్లున్నాయి) గురించి అడిగాను కదా, దారి దొరికింది. ముందు ఫ్లాపీ మూలనున్న రైట్ ప్రొటెక్ట్ ట్యాబ్ జరిపి రంధ్రం తెరవాలి, అప్పుడు డ్రైవ్ దాని మీద ఏమీ రాయలేదు. డ్రైవ్‌లో డిస్క్‌ని చదివే హెడ్‌లను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే, పాడైన డిస్క్ నుంచి డేటా లాగే ప్రోగ్రామ్‌తో ఇమేజ్ (డిస్క్ మొత్తానికి నకలు) తీస్తే, యూఎస్‌బీ డ్రైవ్ డిస్క్‌లోని 2,880 సెక్టార్లలో (డేటా ఉండే చిన్న ముక్కలు) 61 చదవలేకపోయింది. ఏవి చదివిందో, ఏవి మిగిలాయో రాసిపెట్టుకునే అదే మ్యాప్ ఫైలుతో పాత డెస్క్‌టాప్ డ్రైవ్‌లో మళ్లీ నడిపితే 4 మిగిలాయి. ఒక్కో డ్రైవ్‌లో హెడ్ అలైన్‌మెంట్ (డిస్క్ మీద హెడ్ నిలిచే చోటు) కాస్త తేడాగా ఉంటుంది మరి. బూజు పట్టిన డిస్క్‌ని మాత్రం తుడవకుండా పెట్టొద్దు, హెడ్ గీరుకుని పూత లేచిపోతుంది, ఆ ట్రాక్‌లోని (డిస్క్ మీది ఆ వలయంలోని) డేటా ఇక రాదు. ఫైలు తెరిస్తే కనిపించిన పిచ్చి అక్షరాలా? ఫైలు బాగానే ఉంది, సిస్టమ్‌లో అప్పట్లో తెలుగు టైపింగ్‌కి వాడిన పాత అను ఫాంట్లు లేవంతే.