టోల్ కడుతున్న లారీకి కూడా రోడ్డు సబ్సిడీ ఉందంటారు, ఎలా?

ప్రశ్న:
లారీలు టోల్ కడుతున్నాయి, డీజిల్ మీద సెస్సూ కడుతున్నాయి. అయినా రోడ్డు రవాణాకు సర్కారు సబ్సిడీ ఇస్తోందని, అందుకే సరుకు రైలెక్కడం లేదని అంటారు. బడ్జెట్‌లో అలాంటి పద్దేమీ లేదే. లెక్క ఎలా కడతారండీ?

జవాబు 1:
యాక్సిల్ (చక్రాలను కలిపే ఇరుసు) దగ్గర మొదలుపెట్టండి. దాని మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు నష్టం సుమారు 16 రెట్లవుతుంది, అంటే రెండును నాలుగుసార్లు గుణించినట్టు. మన రోడ్ల మందం లెక్కకట్టే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ఐఆర్‌సీ 37 వాడేదీ ఈ నాలుగో ఘాతం లెక్కే. అందులో ప్రామాణిక యాక్సిల్ 80 కిలోన్యూటన్లు, అంటే 8.16 టన్నులు. 2018లో కేంద్రం నాలుగు టైర్ల యాక్సిల్ పరిమితిని 10.2 నుంచి 11.5 టన్నులకు పెంచింది. బరువు పెరిగింది 13 శాతం, నష్టం పెరిగింది 60 శాతం పైన. అదే యాక్సిల్ మీద 15 టన్నులు వేస్తే, ఆ బండి ఒక్కసారి వెళ్లినా 11 ప్రామాణిక యాక్సిళ్లు దొర్లినట్టే. ఎడమ లేన్‌లో చక్రాల జాడ వెంట గాడి పడి నీళ్లు నిలిచేది ఇందుకే.

టోలేమో జాతీయ రహదారుల 2008 ఫీజు రూల్స్‌లో కిలోమీటరుకు మూల రేటు కారుకు 65 పైసలు, ఆరు టైర్ల లారీకి 2.20 రూపాయలు. మూడున్నర రెట్లు కూడా లేదు. మిగతాది కార్లవాళ్లు, ఖజానా భరిస్తున్నారు.

జవాబు 2:
ఒక సవరణ. భూసేకరణ, మట్టికట్ట, లేన్ల వెడల్పు ఖర్చులు కార్ల రద్దీ వల్ల కూడా వస్తాయి. నాలుగో ఘాతం వర్తించేది పైపొరల మందానికి, మళ్లీ తారు వేసే ఖర్చుకి. నా దృష్టిలో అసలు తప్పు వేరే ఉంది. ఆరు టైర్ల లారీ వెనక యాక్సిల్ 11.5 టన్నులతో దాదాపు 3.9 ప్రామాణిక యాక్సిళ్లకు సమానం. పది టైర్ల లారీకి వెనక జంట యాక్సిల్ మీద 21 టన్నులున్నా 3.7 దగ్గరే ఉంటుంది. మొత్తం బరువు 18.5 బదులు 28.5 టన్నులు, వెనక నష్టం మాత్రం కాస్త తక్కువే. అయినా దాని మూల రేటు 2.40. టన్నుకు తక్కువ నష్టం చేసే బండికే టోల్ ఎక్కువ పడుతోంది, ఇది మారాలి.

జవాబు 3:
ఈ సబ్సిడీ లారీ ఓనర్ జేబులో మిగలదు. పోటీ వల్ల కిరాయి దిగుతుంది, లాభం సరుకు పంపేవాడికి చేరుతుంది. రైల్వే మాత్రం పట్టాల ఖర్చుతో పాటు ప్రయాణికుల నష్టాన్నీ సరుకు ఛార్జీల్లోనే రాబట్టుకోవాలి. అందుకే రైల్వే సైడింగ్ (గోదాము దాకా వచ్చే పక్క పట్టా) లేకుండానే గోదాములు హైవే పక్కన లేస్తాయి. ఒకసారి కట్టాక ఆ సరుకు మళ్లీ రైలెక్కడం కష్టం.

ముందుగా చేయదగ్గ పని ఉన్న చట్టాన్ని అమలు చేయడం. ఓవర్‌లోడుకు మోటారు వాహనాల చట్టం 194 సెక్షన్ కింద జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. అదనపు సరుకును అక్కడే దించాలని కూడా ఉంది. దించకుండా డబ్బు కట్టించుకుని వదిలేస్తే, ఆ జరిమానా కిరాయిలో కలిసిపోతుంది.